సగం నవ్వుకి కట్టుడు పళ్ళు

సినిమాల మీద ఆ పళ్ళ డాక్టరు చెప్పే అభిప్రాయాలకి ఇంతవరకూ ఎవరూ ఎదురు చెప్పలేదు. చెప్పడానికి వాళ్ళ నోరు ఖాళీగా ఉంటే కదా! ఎదుటి మనిషిని కుర్చీలో వెల్లకిలా పడుకోబెట్టి, బుగ్గల్లో దూది కుక్కి, ఉమ్మి పీల్చే గొట్టం ఒక మూల తగిలించి, తన చేతులు రెండూ లోపల పెట్టాక గానీ ఆయనకి సినిమా గుర్తుకు రాదు. ఇక అప్పుడు మొదలుపెడతాడు.

"ఆ కుర్ర హీరో సినిమా చూశారా?"

"ఆఁ... ఊఁ..." అంటుంది కుర్చీలో ఉన్న ప్రాణి.

"చూడకండి. చూసేసి ఉంటే మర్చిపోండి. అదేం నటనండీ? వాడి తలకాయలో కదిలేది జుట్టొక్కటే. వాడు నవ్వితే నాకు బాత్రూం గోడ గుర్తొస్తుంది. అన్నీ ఒకే సైజు టైల్సు, ఒకే తెలుపు, సందు లేదు, వంకర లేదు. ఒక్క వంకర పన్నయినా లేని మొహంలో మనిషి ఎక్కడుంటాడు చెప్పండి?"

చెప్పడానికి ఏముంది, నోట్లో డ్రిల్లు తిరుగుతుంటే! కుర్చీలోని మనిషి కళ్ళు మూసుకుంటాడు. డాక్టరు దాన్ని అంగీకారం కింద జమ కట్టుకుంటాడు. ఆ టైల్సు అతికించే పనితోనే ఈయనగారి ఇల్లు గడుస్తోందనీ, ఊళ్ళో సగం మంది పెళ్ళి ఫోటోల్లో మెరిసే పలువరస ఈయన చేతి చలవేననీ మనం గుర్తు చేయకూడదు. చేస్తే ఒంటికాలి మీద లేస్తాడు. "అది వృత్తి, ఇది అభిరుచి" అంటాడు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో ఆయనకే తెలియాలి.

క్లినిక్కు టైర్ల దుకాణం పైన ఉంది. ముందు గదిలో బల్ల దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళని వరసలో లోపలికి పంపేదీ, పంపాక తనే లోపలికొచ్చి పనిముట్లు అందించేదీ ఆయన మరదలు, అంటే భార్య చెల్లెలు. రోగి ఎదుట "డాక్టరు గారూ" అంటుంది. రోగి మెట్లు దిగిన చప్పుడు వినబడగానే ఆ డాక్టరు గారు కాస్తా "బావా" అయిపోతాడు. ఆమెకి సినిమాలంటే ప్రాణం, అందులోనూ ఆ కుర్ర హీరో సినిమాలు. బావ నోరు పారేసుకున్నప్పుడల్లా ఆమె పళ్ళు నూరుతుంది. ఆ నూరుడు మంచిది కాదని ఆయన వైద్యం చెప్తాడు.

"ఆ సినిమా నువ్వు పూర్తిగా చూశావా బావా?" అని నిలదీసింది ఒక రోజు.

"ఇంటర్వెల్ దాకా చూశాను. అంతకంటే శిక్ష ఎవరికీ వేయకూడదు."

"తాతా మనవడూ కలుసుకునేది ఆ తర్వాతే. హాలు హాలంతా ముక్కులు చీదుకున్నారు తెలుసా?"

"ఏసీ ఎక్కువై ఉంటుంది."

ఇలాంటి మనిషితో ఎవరు వేగగలరు? మరదలు ట్రేని కాస్త గట్టిగానే బల్ల మీద పడేసి ముందు గదిలోకి పోయింది.

అయితే డాక్టరు అందర్నీ ఏకిపారేసే రకం అనుకోవద్దు. ఒకే ఒక్కణ్ణి నెత్తిన పెట్టుకున్నాడు. మిగతా పళ్ళ డాక్టర్లు బ్రష్షు ఎలా పట్టుకోవాలో చెప్పే బొమ్మ తగిలించే చోట ఈయన ఒక నలుపూ తెలుపూ ఫోటో తగిలించాడు. కుర్చీలో పడుకున్నవాళ్ళకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. అందులో ముప్పై ఏళ్ళ మనిషి ఇనప గేటు పట్టుకుని నిలబడి నవ్వుతుంటాడు. నవ్వుతుంటాడనడం కూడా ఎక్కువే. కుడి పెదవి కొస మాత్రం పైకి లేచి ఉంటుంది, ఎడమది గట్టిగా మూసి ఉంటుంది. ఆ మూసిన చోట, పెదవి అంచున, పక్క పన్ను మీదికి ఎక్కిన ఒక వంకర పన్ను కొద్దిగా తొంగి చూస్తూ ఉంటుంది.

జనం ఆయన్ని సగంనవ్వాయన అనేవారు. ఎప్పుడూ హీరో కాలేదు. హీరో స్నేహితుడు, హీరో తమ్ముడు, హీరోయిన్ని మనసులోనే ప్రేమించి హీరోకి అప్పగించేవాడు. అలాంటివే ఆయన వేషాలన్నీ. ఆ వేషాలన్నీ డాక్టరుకి కొట్టిన పిండి. అన్నిట్లోకీ గేటు సీను మరీను.

"తను ప్రేమించిన పిల్ల," అని కుర్చీలోవాళ్ళకి వివరిస్తాడు, "అన్న పెళ్ళామై గేటు దాకా ఎదురొస్తుంది. వీడు 'వదినా' అని పిలవాలి. పిలిచి నవ్వాలి. సగమే నవ్వుతాడు! మిగతా సగం ఏమైందంటారు? పెదవి వెనక పాతిపెట్టేశాడండీ. అదీ బాధ! నిండా నవ్వి ఉంటే ఆ బాధ మనకి తెలిసేదా? ఈ టైల్సు మొహాలకి చేతనవుతుందా? కొంచెం నోరు పెద్దది చేయండి."

ఈ మాటలు విని విని మరదలికి కంఠతా వచ్చేశాయి.

ఒక రోజు ఉదయం ఆమె వరస చూసుకుంటూ, "ఒక పెద్దాయన కట్టుడు పళ్ళకి వస్తున్నారు. తొందరట, ఏదో వేషం ఉందట," అంది.

"వేషమా? ఈ రోజుల్లో పళ్ళున్న వాళ్ళకే నటన రాదు," అని చేతులు కడుక్కున్నాడు డాక్టరు.

ఆ పెద్దాయన చేతికర్ర ఆనించుకుంటూ, మెట్టు మెట్టుకీ ఆగుతూ వచ్చాడు. నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు. పళ్ళు లేక బుగ్గలు లోపలికి పోయి, గడ్డం ముక్కు దాకా లేచింది. కుర్చీలో పడుకోబోతూ ఎదురుగోడ చూశాడు. చూసి అలాగే ఆగిపోయాడు.

"ఇదెందుకు పెట్టారిక్కడ?" అన్నాడు. పళ్ళు లేని నోట్లోంచి సగం మాట గాలే వచ్చింది. కానీ గొంతు మాత్రం పోలేదు.

ఆ గొంతు వినగానే డాక్టరు చేతిలోని అద్దం పుల్ల జారి కింద పడింది. ఫోటో వంక చూశాడు, ఆయన వంక చూశాడు, మళ్ళీ ఫోటో వంక చూశాడు. పాతికేళ్ళ ప్రాక్టీసు ఉన్న మనిషికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"సార్... మీరు... మీరేనా సార్?"

"నేనేనంటే నాకే నమ్మకం లేదు. పోనిద్దురూ. పళ్ళు కట్టాలి, వచ్చే సోమవారానికల్లా కావాలి. అవుతుందా?"

"అవుతుందా ఏమిటి సార్! పగలూ రాత్రీ కూర్చుంటాను."

ఎందుకంత తొందరో ఆయనే చెప్పాడు. ఆయన మొహానికి రంగు పడి ఏళ్ళూ పూళ్ళూ అయింది. ఇన్నాళ్ళకి ఒక కుర్ర దర్శకుడు ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. సినిమాలో తాత వేషం. చిన్నదే, ఆఖర్లో ఒక్క సీను. ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని ఉండగా తాత నోరారా నవ్వాలి, పైకప్పు ఎగిరిపోయేంత నవ్వు నవ్వాలి, ఆ నవ్వు మీదే సినిమా అయిపోవాలి.

"నవ్వగలరా తాతగారూ అని అడిగాడు. ఎందుకు నవ్వలేనూ అన్నాను. పళ్ళు లేకుండా నవ్వితే జనం మనల్ని చూసి నవ్వుతారు, పళ్ళు పెట్టించుకుని సోమవారం వచ్చి నవ్వి చూపించండి, బాగుంటే వేషం మీదే అన్నాడు. బాగా లేకపోతే ఇంకొకాయన్ని కూడా చూసుకుని పెట్టుకున్నాడు, మర్యాదస్తుడు, అది కూడా దాచకుండా చెప్పాడు." ఆయన రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నాకు ఆ వేషం కావాలి డాక్టరుగారూ. వేషం కూడా కాదు, ఆ నవ్వు కావాలి."

ఆ ఆఖరి మాట డాక్టరు చెవికి ఎక్కలేదు. మరదలు మాత్రం వింది.

ముందు చిగుళ్ళ అచ్చు తీయాలి. గులాబీరంగు ముద్ద కలిపి, లోహపు పళ్ళెంలో నింపి, ఆయన నోట్లో పెట్టి, గట్టిపడేదాకా వేలితో అదిమి పట్టుకున్నాడు డాక్టరు. నోరు నిండింది, అవతలి మనిషి ఒక్క మాట కూడా అనలేడు. అలవాటు ఊరుకుంటుందా?

"ఆ కుర్ర దర్శకుడంటే ఆ టైల్సు హీరోతో తీసినవాడేగా సార్? తాతా మనవడూ సినిమా? తలా తోకా లేని కథ. ఆ హీరో బాత్రూం గోడలాంటి పళ్ళు ఇకిలిస్తే అదే నవ్వనుకుంటున్నాడు. మీలాంటివారు అలాంటివాళ్ళ సినిమాలో... కాలం సార్, కాలం!"

పెద్దాయన కళ్ళు పెద్దవయ్యాయి. చెయ్యెత్తి ఊపాడు. "ఊఁ! ఊఁ!" అన్నాడు.

"నాకు తెలుసు సార్, మీ కడుపు కూడా అలాగే మండి ఉంటుంది. కదలకండి, అచ్చు చెడిపోతుంది."

అచ్చు బయటికి వచ్చింది. పెద్దాయన ఉమ్మి, నీళ్ళు పుక్కిలించి, ఊపిరి పీల్చుకుని, "ఆ సినిమా మళ్ళీ మళ్ళీ చూశానయ్యా నేను!" అన్నాడు. "ఏం నటిస్తాడు ఆ కుర్రాడు! వాడు నవ్వితే దవడ పళ్ళ దాకా కనిపిస్తుంది. ఎవడేమనుకుంటే నాకేం అన్నట్టు నవ్వుతాడు. మా కాలంలో మేమంతా అరిచాం, వీళ్ళు మాట్లాడుతున్నారు."

డాక్టరు మొహం మాడిపోయింది. మరదలు పనిముట్లు కడుగుతూ అవతలికి తిరిగిపోయింది గానీ ఆమె వీపు కూడా సంబరపడుతూనే ఉంది.

"మీది పెద్ద మనసు సార్," అని సర్దుకున్నాడు డాక్టరు. తనకి నచ్చని మాట ఎవరన్నా దాన్ని అవతలివాళ్ళ మంచితనం ఖాతాలో వేయడం ఆయనకి బాగా వచ్చు. తర్వాత గొంతు తగ్గించి, ఇన్నేళ్ళుగా అడగాలనుకున్నది అడిగాడు. "సార్, ఆ పన్ను..."

"ఏ పన్ను?"

"ఎడమ పక్కది. పక్కదాని మీదికి ఎక్కినది."

"ఓహ్, అదా! మొండిఘటం! ఒక్కొక్కటీ అన్నీ రాలిపోయాయి, అది మాత్రం ఒంటరిగా వేలాడుతూ కూర్చుంది. పోయినేడు పీకించుకున్నాను. పీకినాయన చేతిలో పెడితే కిటికీలోంచి విసిరేశాను."

విసిరేశాడా! డాక్టరుకి గుండెలో కలుక్కుమంది. తన చేతికొచ్చి ఉంటే అద్దాల పెట్టెలో పెట్టుకునేవాడు. ఏ తుప్పల్లో పడిందో ఏమో. ఆ విసురు వెనక ఏముందా అని ఆలోచించేంత తీరిక ఆయన దుఃఖానికి లేకపోయింది.

మామూలుగా కట్టుడు పళ్ళు తయారుచేసే పని డాక్టరు బయటివాళ్ళకి పంపిస్తాడు. ఈసారి పంపలేదు. వెనక గదిలో తనే కూర్చున్నాడు. చిగుళ్ళ అచ్చు మీద మైనంతో గట్టు కట్టి, స్పిరిట్ దీపం మీద కత్తి వేడి చేసి, ఒక్కొక్క పన్నే ఆ మైనంలో గుచ్చుతూ పోయాడు. ఇలా మైనంలో నిలబెట్టిన పళ్ళని ముందు నోట్లో పెట్టి చూస్తారు. నచ్చితేనే అసలు దిమ్మ పోస్తారు, నచ్చకపోతే ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఎడమ పక్క ఆ పన్ను దగ్గరికి వచ్చేసరికి గోడ మీది ఫోటో దింపి బల్ల మీద ఆనించుకున్నాడు. పన్ను అంచు అరగదీశాడు. కాస్త పసుపు రంగు ఎక్కించాడు. పక్కదాని మీదికి ఎక్కించి, వెనక్కి జరిగి చూసి, ఇంకాస్త ఎక్కించాడు. ఆయన ఇంత శ్రద్ధగా పని చేయడం మరదలు ఎన్నడూ చూడలేదు.

"ఆయన్ని అడిగావా బావా, ఆ పన్ను పెట్టమంటారా అని?"

"అడగడమేమిటి? దేవుడి విగ్రహం చెక్కేవాడు దేవుణ్ణి అడుగుతాడా?"

"అడగడు. ఆ విగ్రహం సోమవారం వెళ్ళి ఎవరి ముందూ నవ్వక్కర్లేదు కాబట్టి."

"నీకు తెలియదు. నువ్వు టైల్సు పార్టీ."

ఈ మాటతో చర్చ ముగిసింది. మరదలు దీపం చుట్టూ పడ్డ మైనం గీకి ఊరుకుంది.

వారం చివర్లో పెద్దాయన మళ్ళీ వచ్చాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు, జుట్టు దువ్వుకున్నాడు. పెళ్ళిచూపులకి వచ్చినవాడిలా కుర్చీ అంచున కూర్చున్నాడు. డాక్టరు మైనం పళ్ళు తడిపి, పైవీ కిందివీ నోట్లో కూర్చాడు. కూర్చి చూస్తే లోపలికి పోయిన బుగ్గలు ముందుకొచ్చాయి, గడ్డం కిందికి దిగింది, పెదవులకి ఆకారం వచ్చింది. గేటు దగ్గరి మనిషి ముసలివాడై ఎదురుగా కూర్చున్నాడు.

"చూసుకోండి సార్," అని చేతి అద్దం ఇచ్చాడు.

పెద్దాయన అద్దం ఎత్తాడు. సంతోషంగా నోరు తెరవబోయాడు. తెరవబోయినవాడు ఆగాడు. అద్దాన్ని ఇంకాస్త దగ్గరికి తెచ్చుకున్నాడు. అప్పుడు ఎడమ పెదవి కొస, ఎవరో చెప్పినట్టు, కిందికి దిగి మూసుకుంది. కుడి కొస మాత్రం పైన ఉండిపోయింది.

"అదీ!" అని అరిచాడు డాక్టరు. "చూడు, ఇటు రా, చూడు! అదే నవ్వు! అచ్చం గేటు దగ్గర నవ్విందే! సార్, నా జన్మ ధన్యమైంది సార్!" ఆయన కళ్ళమ్మట నీళ్ళు కారాయి.

మరదలు వచ్చి చూసింది. ఆయన నవ్వు చూడలేదు. పైనున్న కళ్ళు చూసింది. చూసి తల దించుకుంది.

పెద్దాయన అద్దం ఒళ్ళో పెట్టుకున్నాడు. బొటనవేలు పెట్టి పళ్ళు తనే ఊడదీసుకుని ట్రేలో పెట్టాడు.

"ఇది ఎవరు పెట్టమన్నారు మిమ్మల్ని?"

"సార్, అది మీ సంతకం..."

"సంతకమా!" ఆయన గొంతు లేచింది. తమ కాలంలో అరిచామన్న మనిషి ఇప్పుడూ గట్టిగానే అరిచాడు. "ఏమయ్యా, ఆ గేటు సీనులో ఏం రాసి ఉందో తెలుసా నీకు? 'వదినా' అని గలగలా నవ్వాలని రాసి ఉంది. లోపల ఏడుస్తూ పైకి గలగలా నవ్వాలి. రిహార్సల్లో అలాగే నవ్వాను. లైట్లు పట్టుకున్న కుర్రాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు. తీరా కెమెరా పెట్టాక దర్శకుడు అద్దంలోంచి చూసి, 'ఆ పన్నేమిటయ్యా, చూడలేక చస్తున్నాం, మూసుకో' అన్నాడు. అందరూ ఘొల్లుమన్నారు. మూసుకున్నాను. నువ్వు ఫ్రేము కట్టించి పెట్టుకున్నది దాన్ని!"

డాక్టరుకి నోట మాట రాలేదు. నోరు ఖాళీగా ఉండి కూడా మాట రాకపోవడం ఆయనకిదే మొదటిసారి.

"పెదవి వెనక బాధ పాతిపెట్టానని ఎవరో పత్రికలో రాశారు కూడా. బాధ కాదయ్యా, సిగ్గు! ఒట్టి సిగ్గు!" పెద్దాయన రుమాలు తీసి మూతి తుడుచుకున్నాడు. గొంతు తగ్గింది. "ఆ రోజు నుంచి ఏ సెట్టుకెళ్ళినా 'ఆ సగం నవ్వు కొట్టవయ్యా' అనేవారు. నోరు దానికే అలవాటు పడిపోయింది. ఇంట్లో కూడా అంతే. పిల్ల పుట్టిందని చెప్తే ఆనందం పట్టలేక, పన్ను కనబడుతుందని లేచి గోడవైపు తిరిగాను. మా ఆవిడ, పాపం, ఆడపిల్లని నాకు ఇష్టం లేదేమో అనుకుంది. 'నేనంటే మీకు ఎగతాళా, ఎప్పుడూ అలా మూతి వంకరగా నవ్వుతారు' అనేది. నా నవ్వు ఎలా ఉంటుందో చూడకుండానే పోయింది."

కింద టైర్ల దుకాణంలో గాలి కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

ఇక్కడ మామూలు మనిషైతే క్షమించమని కాళ్ళ మీద పడేవాడు. మన డాక్టరు మామూలు మనిషైతే ఈ కథ ఎందుకు? ఆయనకి ముందు కోపం వచ్చింది. ఇన్నేళ్ళు తను కొట్టిన చప్పట్లు ఏ గంగలో కలపాలి?

"అలాగైనా సార్, జనానికి అది నచ్చింది కదా! అది తీసేస్తే మీరు కూడా ఆ టైల్సు మొహాల్లో ఒకరైపోతారు."

"అవనీ. ఒక్కసారైనా అవనీ. ఆ కుర్రాడికి ఉన్నట్టు పెట్టు. తెల్లగా, వరసగా, బాత్రూం గోడలాగే పెట్టు."

"నా చేత్తో నేను చేయలేను సార్. ఆ నోట్లో ఆ పళ్ళు... నా వల్ల కాదు."

"బావా!"

రోగి ఎదుట మరదలు ఆ పిలుపు పిలవడం అదే మొదలు. ఆమె మొహం ఎర్రబడింది.

"ఆయన పళ్ళు ఆయన నోట్లోకా, నీ గోడ మీదికా?"

డాక్టరు ఆమె వంక చూశాడు. ట్రేలోని పళ్ళు తీసుకున్నాడు. దీపం వెలిగించి కత్తి వేడిచేశాడు. ఎడమ పక్క మైనంలోకి కత్తి దించాడు. మైనం కరిగి, రాత్రింబవళ్ళు కూర్చుని మెలితిప్పిన పన్ను వదులైంది. దాన్ని పీకి పక్కన పెట్టి, తెల్లటిది ఇంకొకటి తీసి, పక్కవాటి వరసలో నిలబెట్టి మైనం అదిమాడు. అంచులు నున్నగా చేసి, చన్నీళ్ళలో ముంచి తీశాడు. చూస్తే బాత్రూం గోడే, సందేహం లేదు.

మళ్ళీ కూర్చాడు. "నవ్వండి సార్."

పెద్దాయన అద్దం ఎత్తుకున్నాడు. పళ్ళు చూసుకున్నాడు, కళ్ళు మెరిశాయి. నవ్వాడు. కుడి పెదవి లేచింది. ఎడమది దిగి మూసుకుంది.

ఇంకోసారి నవ్వాడు. మళ్ళీ అంతే. దాచవలసింది లోపల ఏమీ లేదు, అయినా పెదవి దాస్తూనే ఉంది. వేలితో ఎడమ కొస పైకెత్తి వదిలాడు, అది ఠక్కున కిందికి దిగింది.

"రావడం లేదయ్యా," అన్నాడు. అంతసేపూ కోపంగా ఉన్న కళ్ళలో ఇప్పుడు భయం కనిపించింది. "సోమవారం ఆ కుర్ర దర్శకుడు ఎదురుగా కూర్చుని నవ్వమంటాడు. నవ్వగలనని చెప్పొచ్చాను. రావడం లేదు."

ఆ సగం నవ్వు డాక్టరు మొహానికి జానెడు దూరంలో ఉంది. ఎన్నిసార్లు తెర మీద చూసి ఈలలు వేశాడో, ఎంతమంది నోళ్ళు మూయించి దాని గొప్ప చెప్పాడో, ఆ నవ్వే అది. ఇప్పుడు చూస్తుంటే తన మీద తనకే రోత పుట్టింది.

ఏదైనా చెప్పి ఆయన్ని నవ్వించాలనిపించింది. ఏం చెప్తాడు? జోకులు డాక్టరుకి రావు. ఆయన దగ్గర ఉన్నవల్లా అభిప్రాయాలే. ఏమీ తోచక, అలవాటు కొద్దీ నోటికొచ్చింది అనేశాడు.

"సార్, మీ అమ్మ చనిపోయే సీను ఒకటుంది కదా. మంచం దగ్గర నిలబడి, కెమెరాకి వీపు పెట్టి తిరిగిపోతారు. మొహం చూపించరు, భుజాలు మాత్రం కదుల్తాయి. మొహం దాచి వీపుతో ఏడవడం ఇంకే నటుడికి తెలుసు సార్? అందులో ఆ రెండో కుదుపు..."

పెద్దాయన ఆయన వంక వింతగా చూశాడు.

"ఏడవలేదయ్యా," అన్నాడు. "తుమ్మొచ్చింది."

"ఏంటి సార్?"

"తుమ్ము! మంచం మీద పరుపు దుమ్ము కొట్టుకుపోయి ఉంది. అమ్మ వేషం వేసినావిడ మొహం మీద తుమ్మకూడదని అటు తిరిగాను. ఆపుకుంటే భుజాలు కదిలాయి. నువ్వు చెప్పే ఆ రెండో కుదుపు... అది... రెండో తుమ్ము..."

ఆ పైన మాట సాగలేదు. ఆయన పొట్ట కదిలింది. "వీపుతో ఏడవడమట!" అన్నాడు. గొంతులో ఏదో గరగరలాడింది. కుడి పెదవి లేచింది, ఎడమది వణికింది, ఆపాలని చూసింది, చేతగాక వదిలేసింది. దవడ పళ్ళ దాకా నోరు తెరుచుకుని, పెద్దాయన పగలబడి నవ్వాడు. ఆ నవ్వులో కళా లేదు, కాకరకాయా లేదు. గుక్క తిరగని మోటు నవ్వు, ముక్కుతో గురక కలిసిన నవ్వు. ముందు గదిలో వరసలో కూర్చున్నవాళ్ళు తలుపు వైపు తిరిగారు.

"సార్, సార్, మైనం! పళ్ళు జారతాయి!" అని పరిగెత్తుకొచ్చింది మరదలు. ఆయన బొటనవేలితో పళ్ళు నొక్కి పట్టుకుని మరీ నవ్వాడు. ఆమె కూడా నవ్వేసింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

డాక్టరు నిలబడి చూశాడు. అమ్మ సీను కూడా పోయింది. బాధగానే ఉంది, ఎందుకుండదు? దాని మీద ఎంత మాట్లాడాడు! నవ్వు కొద్దికొద్దిగా తగ్గుతోంది. ఎడమ పెదవి మళ్ళీ ఇంటి దారి వెతుక్కుంటోంది. అది చూసి డాక్టరుకి గాభరా పుట్టింది.

"మరి వర్షం సీను, సార్?" అన్నాడు గబగబా. "ప్రేమ చెప్పలేక, ఆ వణుకు..."

"చలి!" అని అరిచాడు పెద్దాయన. "ట్యాంకరు నీళ్ళు! మంచు గడ్డలు!" మళ్ళీ నోరు బార్లా తెరుచుకుంది. కుర్చీ చేతులు పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారుతుంటే, ఊపిరి అందక, వేలు ఊపుతూ అడిగాడు. "ఇంకా? ఇంకేం కనిపెట్టావు నాలో? చెప్పు, చెప్పు!"

డాక్టరు దగ్గర ఇంకా చాలా ఉన్నాయి. చిన్నప్పటి నుంచి ఒక్కొక్కటే ఏరి దాచుకున్నవి. ఇక వాటిలో ఒక్కదాన్నీ మిగుల్చుకోదలచుకోలేదు. స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నాడు.

"మరి ఆ రైలు స్టేషన్లో, సార్," అని మొదలుపెట్టాడు, "టికెట్టు చింపేటప్పుడు మీరొక చూపు చూస్తారు..."